పిల్లాడు సైకిలుకి కొత్త సామాన్లు అడుగుతున్నాడా?

మగపిల్లలున్న ఇళ్ళల్లో ఈ మధ్య ఒక కొత్త పేచీ మొదలయిందండీ. వెనకటి రోజుల్లో సైకిలంటే ఇంటికి ఒక్కసారి కొనేవారు. హీరోయో, అట్లాసో, బి.ఎస్.ఎ.నో. నల్లటి బండి, వెనక క్యారియరు, ముందు డైనమో లైటు. తండ్రి తొక్కాక కొడుక్కి, కొడుకు ఉద్యోగానికి వెళ్ళిపోతే తమ్ముడికి. బ్రేకు రబ్బర్లు, ట్యూబులు, చైను మార్చుకుంటూ పోతే పాతికేళ్ళు తిరిగేది. 1951లో పెట్టిన అట్లాసు కంపెనీ 2020లో సాహిబాబాదు ఫ్యాక్టరీ ఆపేసిందని పేపర్లో చదివి మా మావగారు సొంత మనిషి పోయినట్టు బాధపడ్డారు.

ఇప్పుడు ఊరూరా గేరు సైకిళ్ళు వచ్చాయి. లావు టైర్లు, ముందు షాకులు, మోటారు సైకిలుకి ఉన్నట్టు డిస్కు బ్రేకులు. కొనడంతో అయిపోతే బాగుణ్ణు! కొన్న ఏడాదికే "అమ్మా, ఇది మార్పించాలి, అది వేయించాలి" అని మొదలవుతుంది. ఆ సామాన్ల పేర్లు మనకి తెలియవు. ధరలు వింటే గుండె జారుతుంది. దాంతో చాలా ఇళ్ళల్లో జరిగేది రెండే. "నోరు మూసుకో" అనడం, లేదా పిల్లాడు అలిగాడని డబ్బులు చేతిలో పెట్టెయ్యడం. ఈ రెండిటికీ మధ్యలో ఒక దారి ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

మా శ్రీముఖలింగం వంశధార ఒడ్డునుంది. చుట్టూ వరి పొలాలు. మధుకేశ్వరస్వామి గుడి దగ్గర బయల్దేరి జలుమూరు వెళ్ళొచ్చినా సైకిలుకి కష్టం అనిపించే ఎత్తూ పల్లం ఏమీ ఉండదు. మరి కొండ దిగే సైకిలు గొడవ మీకెందుకమ్మా అంటారేమో! సీతంపేట ఏజెన్సీ మాకు మరీ దూరం కాదు. అక్కడ ఆడలి వ్యూ పాయింటుంది. 2022లో కొత్త జిల్లాలు చేశాక అది పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. మబ్బులు చేతికందేలా ఉంటాయని జనం చూడ్డానికి వెళ్తారు. మావాడూ, వాడి స్నేహితులూ మాత్రం ట్రాలీ ఆటోలో సైకిళ్ళెక్కించుకుని పైకి పోయి, అక్కణ్ణించి కిందికి జారుకుంటూ రావడానికి వెళ్తారు. తారు రోడ్డు మీద కొంత, తోటల్లో కాలిబాటల మీద కొంత. దీన్ని వాళ్ళు డౌన్‌హిల్ అంటారు. "ఎక్కడం మానేసి దిగడమేటి, ఇదేటి సరదా?" అని మా అత్తగారు. నాకూ అదే అనుమానం. కానీ పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి చెప్పి చూడండి!

మావాడు ఒక కాగితం మీద రాసి తెచ్చిన జాబితా ఇదీ: ముందు షాకులుండే ఫోర్కు కొత్తది 11,000. ఆయిలు బ్రేకులు రెండు చక్రాలకీ కలిపి 5,000. వెడల్పు హ్యాండిలు 1,500. ముళ్ళున్న పెడళ్ళు 1,000. మొత్తం 18,500 రూపాయలు. సైకిలు కొన్నదెంతకి? 14,000కి! ఊరిని బట్టి, కంపెనీని బట్టి ఈ ధరలు మారతాయి గానీ తేడా మాత్రం ఇలాగే ఉంటుంది. మావారు "ఆ బండి అమ్మేసి నాకో పంపుసెట్టు కొనండి" అని నవ్వేసి పొలానికి వెళ్ళిపోయారు.

వద్దు అనడం చాలా తేలిక. కానీ ఒకటి ఆలోచించండి. మనం వద్దన్నంత మాత్రాన వాళ్ళు కొండకి వెళ్ళడం మానరు. అరిగిపోయిన బ్రేకులతోనే వెళ్తారు. అసలు భయం అదీ. పోనీ అడిగినవన్నీ కొనిస్తే క్షేమంగా వస్తాడా అంటే, దానికీ హామీ లేదు. కొత్త సామాను పడితే ఇంకా జోరుగా దిగుతాడు. అందుకని ఏ సామాను ఏం పని చేస్తుందో తెలుసుకోకుండా డబ్బు మాట ఎత్తకూడదనుకున్నాను.

మా అప్ప కొడుకు విశాఖపట్నంలో ఒక సైకిళ్ళ షాపులో మెకానిక్కు. శివరాత్రికి మా ఊరు వచ్చినప్పుడు కూర్చోబెట్టి అన్నీ అడిగాను. జాబితా చూసి వాడు పెదవి విరిచాడు.

"ఫోర్కు మార్చేస్తే డౌన్‌హిల్ బండి అయిపోద్దేటి పిన్నీ? ఈ బండి అందుకు కట్టింది కాదు."

వాడు చెప్పింది నాకర్థమైనట్టు చెబుతాను. కొండ దిగే పందేలకి వాడే అసలైన సైకిలుకి ముందూ వెనకా కూడా షాకులుంటాయి. ఒక్కోటి దాదాపు 200 మిల్లీమీటర్లు, అంటే జానెడు కన్నా కాస్త తక్కువ, లోపలికి దిగి పైకి లేస్తుంది. మన పిల్లలు తొక్కే 12,000, 15,000 బళ్ళకి ముందు మాత్రమే ఉంటుంది, అదీ నాలుగు వేళ్ళ మందం కదులుతుందంతే. వెనక ఏమీ ఉండదు. ఆ చిన్న ఫోర్కు తీసేసి పొడుగు ఫోర్కు బిగిస్తే హ్యాండిలు పైకి లేస్తుంది, ముందు చక్రం ఇంకా ముందుకి పోతుంది. హ్యాండిలు కింద ఫ్రేములో ఒక పొట్టి గొట్టం ఉంటుంది చూడండి, దెబ్బంతా దాని అతుకుల మీద పడుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు ఈ ఫ్రేముకి ఇంత పొడవు ఫోర్కు వరకే అని లెక్క కట్టి అతుకులు వేస్తారు. అది దాటితే గ్యారంటీ ఇవ్వరు, అతుకు కూడా గ్యారంటీ ఇవ్వదు. ఇంట్లో గ్యాసు పొయ్యి మీద పెళ్ళి వంటల డేగిసా ఎక్కించినట్టన్న మాట. మంట వెలుగుతుంది, బాగానే ఉంటుంది, కాళ్ళు ఎప్పుడు వంగుతాయో తెలీదు.

పైగా ఒక సామాను ఇంకో సామానుని లాక్కొస్తుంది. చీర కొంటే జాకెట్టు, జాకెట్టుకి సరిపడా గాజులు అన్నట్టే. కొత్త ఫోర్కుకి చక్రం ఇరుసు లావుగా ఉంటే పాత చక్రం పట్టదు, ముందు చక్రం కొత్తది కొనాలి. ఫోర్కు పైగొట్టం కిందికొచ్చేసరికి లావెక్కే రకమైతే మామూలు ఫ్రేములో దూరదు. మావాడి కాగితం మీద 11,000 అని రాసింది తీరా కొనబోతే 15,000 దాటేది. ఇది షాపులో ముందే అడగాలి: "ఇది బిగించడానికి ఇంకేమేం మార్చాలి?" అని. ఈ ఒక్క ప్రశ్నకి సగం జాబితాలు చిరిగిపోతాయి.

అయితే సామాన్లు మార్చడమే తప్పనుకోకండి. అసలీ ఆట పుట్టిందే అలాగ. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, ఫెయిర్‌ఫాక్స్ అనే ఊరి దగ్గర 1976లో కొందరు కుర్రాళ్ళు పాత సైకిళ్ళ మీద కొండ దిగే పందెం పెట్టుకున్నారు. దాదాపు రెండు మైళ్ళ మట్టి దారి, 1300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్ళకి పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది. కిందికి వచ్చేసరికి వేడికి అందులో గ్రీజంతా మాడి పొగ అయిపోయేది. మళ్ళీ కొత్త గ్రీజు కూరితేనే ఇంకో సారి దిగడం. మళ్ళీ కూరడాన్ని వాళ్ళ భాషలో రీప్యాక్ అంటారు, ఆ పందేనికి పేరే రీప్యాక్ అని పడిపోయింది. తర్వాత వాళ్ళు చెయ్యి బ్రేకులు వేశారు, గేర్లు వేశారు. ఫ్రేములు తట్టుకోవట్లేదని 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఆ పనికోసమే కొత్త ఫ్రేము కట్టాడు. వాళ్ళలో వెండీ క్రాగ్ అనే ఆవిడ కూడా ఉండేది. మగవాళ్ళతో సమానంగా దిగేది, ఆ పందేల ఫోటోలు తీసింది కూడా ఆవిడే. 1990కల్లా ఆ ఆట అమెరికాలోనే డురాంగో అనే ఊళ్ళో ప్రపంచ పోటీల దాకా వచ్చింది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్‌లోనూ 2005 నుంచి కొండ సైకిళ్ళ పందేలు పెడుతున్నారు. నేను గమనించింది ఏంటంటే, రీప్యాక్‌లో వాళ్ళు ఏది మార్చినా ముందు ఏదో ఒకటి మాడిందీ, విరిగిందీ. దాన్ని మార్చారు. ఫోన్లో బొమ్మలు చూసి జాబితా రాయలేదు!

ఇక బ్రేకుల సంగతికొద్దాం. మావాడి జాబితాలో న్యాయమైన కోరిక ఇదొక్కటే. ఇప్పుడున్నవి తీగతో లాగే డిస్కు బ్రేకులు. ఆయిలు బ్రేకులకి తీగ బదులు సన్నని గొట్టంలో ఆయిలుంటుంది, ఒక్క వేలితో నొక్కినా బలంగా పడతాయి. పొడుగు దిగుడులో పావుగంట సేపు బ్రేకు పట్టుకుని దిగేవాడి చెయ్యి తిమ్మిరెక్కదు. కాదనను. కానీ మెకానిక్కు ముందు చక్రం విప్పి చూపిస్తే, బ్రేకు లోపల ప్యాడ్లు కాగితంలా అరిగి ఉన్నాయి. తీగ పై గొట్టంలోకి బురద పోయి తుప్పు పట్టింది. ప్యాడ్ల మీద మందు మిల్లీమీటరు కన్నా తగ్గితే మార్చెయ్యాలట. ఇనుము ఇనుమూ రాసుకునేదాకా ఉంచకూడదు. ప్యాడ్లు, తీగలు, గొట్టాలు అన్నీ కొత్తవి వేయించితే వెయ్యి లోపే అయింది. వేశాక "అమ్మా, ఇలా పడతాయని నాకు తెలీదే" అన్నాడు మావాడు! అయిదు వేల బ్రేకులడిగిన వాడికి వెయ్యి రూపాయల్లో బ్రేకులు దొరికాయి.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే కొండకి పంపకండి. చదునైన రోడ్డు మీద కాస్త జోరుగా తొక్కి, నెమ్మదిగా బ్రేకు పట్టి వేగం తగ్గించి, మళ్ళీ తొక్కి, ఇలా పది పదిహేను సార్లు చేస్తే గానీ ప్యాడూ డిస్కూ ఒకదానికొకటి అలవాటు పడవు. కొత్త పెనం మీద మొదటి అట్టు సరిగ్గా రాదు కదా, అలాగే.

ఇక్కడ ఆడవాళ్ళం జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. మన ఇళ్ళల్లో సైకిలు కీచుమంటే చేసే మొదటి పని కొబ్బరినూనె సీసా తేవడం. దసరాకి ఆయుధ పూజలో పసుపూ కుంకుమా నూనెలో కలిపి చక్రానికి పెట్టడం కూడా ఉంది. పాత సైకిలుకి ఫరవాలేదు. డిస్కు బ్రేకు సైకిలుకి ఆ డిస్కు మీద ఒక్క చుక్క నూనె పడ్డా బ్రేకు జారిపోతుంది. నూనె పీల్చిన ప్యాడు మళ్ళీ బాగుపడదు, పారెయ్యాల్సిందే. డిస్కుని మాత్రం మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ స్పిరిటుతో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడవచ్చు. బొట్టు పెట్టాలనుంటే హ్యాండిలుకి పెట్టండి, స్వామి ఏమీ అనుకోడు. చైనుకి నూనె వేసేటప్పుడు కూడా డిస్కు మీద పాత గుడ్డ కప్పండి. ఇంకోటి, కొండ దిగి ఆపగానే చిన్నపిల్లల్ని డిస్కు ముట్టుకోనివ్వకండి. పొయ్యి మీంచి దించిన మూకుడులా కాలుతుంది. ఒకవేళ ఆయిలు బ్రేకులే వేయించాల్సి వస్తే కంపెనీవాళ్ళు చెప్పిన ఆయిలే పోయించాలి. షిమానో బ్రేకులకి మినరల్ ఆయిలు పోస్తారు, కొన్ని కంపెనీలవాటికి డాట్ అనే వేరే రకం ఆయిలు. ఒకదాంట్లో ఇంకోటి పోస్తే లోపలి రబ్బర్లు పాడైపోతాయి. ఆ పని తెలిసిన మెకానిక్కు దగ్గర్లో ఉన్నాడా లేడా చూసుకోవాలి కూడా. మా వైపు పల్లెల్లో తీగ బ్రేకు తెగితే ఏ షాపులోనైనా వేస్తారు.

జాబితాలో లేనివి నేను చేర్చినవి కొన్ని ఉన్నాయి. మొదటిది పైసా ఖర్చు లేనిది. కొండ దిగేటప్పుడు సీటు కిందికి దించాలి. సీటు ఎత్తుగా ఉంటే మనిషి బరువు ముందుకి పడి హ్యాండిలు మీంచి బోర్లా పడే ప్రమాదం ఎక్కువ. సీటు దించితే వెనక్కి జరిగి, పెడళ్ళ మీద నిలబడి దిగొచ్చు. ఒక పానా ఉంటే నిమిషం పని.

రెండోది ముందు టైరు. మావాడి టైరు మీద గుబ్బలు అరిగి నున్నగా అయ్యాయి. ఎంత మంచి బ్రేకైనా చక్రాన్ని ఆపుతుంది గానీ, నేలని పట్టుకునేది టైరే కదా! గాలి కూడా ఎంత పట్టాలో టైరు పక్కనే అచ్చు వేసి ఉంటుంది, చదివి పట్టించాలి. మూడోది హెల్మెట్టు. దిగుడుకి మొహం, గడ్డం కూడా కప్పే రకం తీసుకోవాలి. లోపల థర్మోకోలులా ఉండేదే తలని కాపాడేది. ఒక్కసారి గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్టు పైకి బాగానే కనబడినా లోపల నలిగిపోయి ఉంటుంది, మళ్ళీ వాడకూడదు. అందుకని స్నేహితుడి పాతది తెచ్చుకుంటానంటే ఒప్పుకోకండి. మోకాళ్ళకీ, మోచేతులకీ కట్టుకునేవి కూడా తీసుకున్నాం.

చైను మార్చాలో వద్దో మనమే ఇంట్లో చూడొచ్చు. పిల్లల గుడ్డ టేపు కాదు, స్టీలు స్కేలు, అడుగుది తీసుకోండి. చైనులో ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడితే 24 పిన్నుల తర్వాత సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారో వంతు ఎక్కువొస్తే చైను మార్చాలి. అప్పుడు మారిస్తే చైనుతో పోతుంది. సాగదీసి సాగదీసి ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే వెనక గేరు పళ్ళు కూడా అరిగిపోయి రెండూ కొనాలి. బీరువా తలుపు మేకు ఊడినప్పుడే బిగిస్తే తలుపు మిగులుతుందన్నట్టు. మావాడి చైను బాగానే ఉంది.

ఇదంతా అయ్యాక లెక్క వేశాను. ప్యాడ్లు, తీగలు, ముందు టైరు, హెల్మెట్టు, మోకాలి పట్టీలు. మొత్తం 6,800. హ్యాండిలు వద్దన్నాను, పెడళ్ళు వాడి పుట్టినరోజుకి వాళ్ళ నాన్న కొన్నారు, నవ్వుతూనే. ఫోర్కు కుదరదని చెప్పాను. నా లెక్క ఒకటే: సామాన్ల ఖర్చు ఇవాళ ఆ బండి అమ్మితే వచ్చే ధర దాటుతుంటే ఆ బండి మీద పెట్టకూడదు. ఆ 11,000 డ్వాక్రా సంఘం పొదుపులో పెట్టాను. రెండేళ్ళ తర్వాత కూడా వాడికి ఈ సరదా ఉంటే, వెనకా ముందూ షాకులున్న సైకిలుకి అది మొదటి వాయిదా అవుతుంది. అప్పటికి ఉద్యోగం వస్తే మిగతాది వాడే కట్టుకుంటాడు. పందేలకి వాడే సైకిళ్ళు లక్షల్లో ఉంటాయట, ఆ మాట మాత్రం వాడు నాకు చెప్పలేదు, మెకానిక్కు చెప్పాడు!

రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడో రోజు కొత్త హెల్మెట్టు పెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. ఆడలి వెళ్ళే ప్రతి ఆదివారం ఇప్పటికీ నా ప్రాణం నా దగ్గర ఉండదు, కింద దిగగానే ఫోను చెయ్యాలన్న షరతు మీద పంపుతున్నాను. వర్షం పడితే వెళ్ళకూడదు. తడి మట్టిలో ప్యాడ్లు ఒక్క రోజులోనే అరిగిపోతాయని మెకానిక్కు చెప్పిన మాట నాకు బాగా అక్కరకొచ్చింది.

ఈ హడావిడిలో మా చిన్నమ్మాయి నెమ్మదిగా వచ్చి "నా సైకిలు బ్రేకు పడదమ్మా, కాలితో ఆపుతున్నాను" అంది. మా పెద్దమ్మాయికి హైస్కూల్లో ఉన్నప్పుడు 2017లో బడికొస్తా పథకంలో ప్రభుత్వం ఇచ్చిన సైకిలు అది. ఇప్పుడు చిన్నది తొక్కుతోంది. రోజూ రెండు పూటలా బస్సులూ ఇసుక లారీలూ తిరిగే రోడ్డు మీద. జాబితా రాసి ఇవ్వలేదు కాబట్టి ఎవరూ చూడలేదు. నాలుగు బ్రేకు రబ్బర్లు, ఒక తీగ. 160 రూపాయలు, షాపులో పది నిమిషాలు. మీ ఇంట్లో అడగని పిల్ల సైకిలు కూడా ఒకసారి బయటికి తీసి, ముందుకి తోస్తూ ముందు బ్రేకు పట్టి చూడండి. వెనక చక్రం పైకి లేవబోవాలి. లేవకుండా బండి ముందుకి జరిగిపోతోందంటే రబ్బర్లు అయిపోయినట్టే.

ఇంకొక్క మాట. షాపులో సామాను మార్పించినప్పుడు పాతవి అడిగి తెచ్చుకోండి. నిజంగా మార్చారో లేదో తెలుస్తుంది. అరిగిన ప్యాడ్లు దేనికీ పనికిరావు గానీ, పాత టైరు బావి గట్టు దగ్గర బిందె కింద పెట్టుకోవచ్చు. బ్రేకు తీగ బాగానే ఉన్నంత మేర కత్తిరించి మా పెరట్లో బీరపాదు పందిరికి కట్టాను. తుప్పు పట్టిన ముక్క మాత్రం పాత ఇనుము వాడికి వేసెయ్యండి, చేతికి గుచ్చుకుంటే ప్రమాదం.